తొలి వినికిడి తీర్పులు

2024 ఏప్రిల్ 19, శుక్రవారం. న్యూయార్కులో అర్ధరాత్రి, మనకి పొద్దున్న తొమ్మిదిన్నర. టేలర్ స్విఫ్ట్ కొత్త ఆల్బం ‘ద టార్చర్డ్ పొయెట్స్ డిపార్ట్‌మెంట్’ సరిగ్గా ఆ నిమిషాన విడుదలయింది. పదహారు పాటలు. అన్నీ కలిపి గంటా అయిదు నిమిషాలు. తొమ్మిదీ యాభైకల్లా మా మేనకోడలు ఫోను చేసింది.

"మావయ్యా, వినేశాను. అంతా ఒకేలా వుంది. పాతవే నయం."

నేను లెక్కల్లో మొదటినించీ అంతంత మాత్రమే. అయినా గంటా అయిదు నిమిషాల సంగీతం ఇరవై నిమిషాల్లో ఎలా వినచ్చో నాకు బోధపడలేదు. అదే అడిగాను.

"అన్నీ చివరిదాకా ఎవరు వింటారు మావయ్యా? ప్రతి పాటా మొదలు కాస్త విన్నా. తెలిసిపోయింది" అంది.

అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి ఒక్క మెతుకు చాలునన్నారు పెద్దలు, నిజమే. ఆ సామెత అన్నం వరకే. పదహారు రకాలు వడ్డించిన విస్తరి ముందు కూర్చుని, మెతుకు పట్టి చూసి భోజనం బావుందో లేదో చెబుతానంటే ఎలా?

పాపం, ఆ పిల్లకి అప్పటికి తెలియని సంగతి ఇంకోటి వుంది. మరో రెండు గంటలకి, అంటే మన పదకొండున్నరకి, ఆ గాయని ఇంకో పదిహేను పాటలు బయటపెట్టింది. వెరసి ముప్ఫయి ఒకటి. రెండు గంటలు దాటిన సంగీతం. ఆ రోజు గడవకుండానే అమెరికా పత్రికల్లో సమీక్షలు దిగిపోయాయి. రోలింగ్ స్టోన్ పత్రిక అయిదుకి అయిదు నక్షత్రాలూ ఇచ్చేసింది. న్యూయార్క్ టైమ్స్ ఈవిడకి ఓ ఎడిటరు కావాలంది. మా మేనకోడల్ని ఒక్కదాన్నీ అని లాభం ఏముంది లెండి, మహామహులే అంత తొందరలో వుంటేనూ!

వేసవి ఆల్బముల మీద మొదటి రోజునే పుట్టుకొచ్చే ఈ అభిప్రాయాల సంగతేమిటో చూద్దామని ఇది రాస్తున్నాను. ఏప్రిల్ వాళ్ళకి వసంతం, మనకి ఎండలు మండే కాలం. నేను మన పంచాంగమే పాటిస్తాను. పాశ్చాత్య దేశాల్లో పాప్ పాటలకి వేసవి పెద్ద సీజను. బళ్ళు మూసేస్తారు, కార్ల అద్దాలు దింపుకుని తిరుగుతారు, సముద్రపుటొడ్డున పడి దొర్లుతారు. ఆ ఏడు వేసవి పాట ఏదవుతుందని ముందే పందేలు వేసుకునేవాళ్ళు కూడా వున్నారు. మనకి సంక్రాంతి సినిమాలెలాగో వాళ్ళకి వేసవి పాటలలాగ.

పూర్వం కొత్త రికార్డు అమెరికాలో మంగళవారం వచ్చేది, ఇంగ్లండులో సోమవారం వచ్చేది. 2015 జూలై 10 నించి లోకమంతటా శుక్రవారమే అని కంపెనీలన్నీ కలిసి నిర్ణయించుకున్నాయి. దాంతో ఒకే రోజున అందరూ వినడం, ఒకే రోజున అందరూ మాట్లాడ్డం మొదలయింది. శనివారం నాడు ఇంకా అభిప్రాయం చెప్పనివాడు వెనకబడినవాడు. సోమవారం నాడు చెప్పేవాడి మాట వినే నాథుడే వుండడు. మళ్ళీ శుక్రవారం వచ్చేస్తోంది కదా!

మన కచేరీల్లో మాత్రం తొలి అభిప్రాయం చెల్లుతుంది. విద్వాంసుడు ‘ఎందరో మహానుభావులు’ ఎత్తుకున్నాడనుకోండి. త్యాగరాజస్వామి 1847లో పోయారు. ఆ కీర్తన మన తాతలకీ తెలుసు, మనకీ తెలుసు. మనం వినేది కీర్తనని కాదు, ఆయన దాన్ని ఎలా పాడుతున్నాడన్నది. అందుకే మూడో వరసలో కూర్చున్న పెద్దాయన పల్లవి పూర్తికాకుండానే ‘ఆహా’ అన్నా, కండువా దులిపి లేచిపోయినా, ఆయన తీర్పుకి వెనకాల నలభై ఏళ్ళ వినికిడి వుంటుంది. పాప్ ఆల్బంలో అలాక్కాదు. పాటా కొత్తదే, పాడే తీరూ కొత్తదే, వాయించే ధ్వనులు కూడా ఒక్కోసారి అంతకు ముందెవరూ విననివి. కొలవడానికి చేతిలో బద్ద లేదు. ఆ బద్దని ఆ పాటల్లోంచే తయారు చేసుకోవాలి. దానికి ఇరవై నిమిషాలు చాలవు.

వెనకటి కథ ఒకటి చెబుతాను. 1967 జూన్ మొదట్లో బీటిల్స్ వారి ‘సార్జంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ వచ్చింది. ఊళ్ళకి ఊళ్ళు ఊగిపోయాయి. పక్షం రోజుల తరవాత, జూన్ 18న, న్యూయార్క్ టైమ్స్‌లో రిచర్డ్ గోల్డ్‌స్టీన్ అనే కుర్ర విమర్శకుడు, ఇరవై మూడో ఏడు ఇంకా నిండలేదు, దాన్ని చీల్చి చెండాడాడు. గారాబం ఎక్కువైన పిల్లాడిలా వుందన్నాడు. హంగులే తప్ప లోపల సరుకు లేదన్నాడు. పత్రికాఫీసుకి వుత్తరాలు గుట్టలుగా వచ్చిపడ్డాయి, అన్నీ తిట్లే. మరో నెలకి ఇంకో పత్రికలో తన మాటని సమర్థించుకోవలసి వచ్చింది.

చాలా ఏళ్ళు పోయాక ఆయనే బయటపెట్టిన సంగతి అసలైన తమాషా. ఆ రోజుల్లో ఆయనింట్లో స్టీరియోకి రెండు స్పీకర్లలో ఒకటి పనిచెయ్యడం లేదట! స్టీరియో రికార్డులో కొన్ని వాయిద్యాలు కుడిపక్కా, కొన్ని గొంతులు ఎడంపక్కా వుంటాయి. ఒక స్పీకరు మూగదైతే సగం పాట గోడకి కొట్టుకుపోయినట్టే. సగం విని పూర్తిగా తిట్టాడన్న మాట.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. అదే సమీక్షలో ఆయన ఒక్క పాటని మాత్రం మెచ్చుకున్నాడు, ఆల్బం చివర వచ్చే ‘ఎ డే ఇన్ ద లైఫ్’. ఇవాళ ఆ ఆల్బంలో తలమానికం ఏదంటే చాలామంది దాన్నే చూపిస్తారు. సగం పెట్టెతో విన్నా మేలి ముత్యం పట్టుకున్నాడంటే ఆ చెవి సామాన్యమైంది కాదు. అందుకే నేను తొలి అభిప్రాయాన్ని పూర్తిగా కొట్టిపారెయ్యలేను. చెవి మంచిదే కావచ్చు, పెట్టె చెడిపోయి వుండచ్చు.

ఆ ముందటి ఏడాది కథ దీనికి కవల. 1966 మే 16న బీచ్ బాయ్స్ వారి ‘పెట్ సౌండ్స్’ వచ్చింది. దాన్ని కూర్చిన బ్రయన్ విల్సన్‌కి చిన్నప్పటినించీ కుడిచెవి వినిపించదు. అందుకని స్టీరియో జోలికి పోకుండా అన్ని వాయిద్యాల్నీ ఒక్క ధారలోకి కలిపి పోశాడు. అంతవరకూ సముద్రం, కార్లు, అమ్మాయిలు అంటూ పాడిన కుర్రాళ్ళు ఒక్కసారిగా దిగులు పాటలు పాడేసరికి అమెరికా జనం తెల్లబోయారు. పదో స్థానం దగ్గరే ఆగిపోయింది. కంపెనీవారికి నమ్మకం చాల్లేదో ఏమో, రెండు నెలలైనా తిరక్కుండా అదే బృందం పాత పాటలన్నీ కలిపి ఇంకో రికార్డు అంగట్లో పెట్టేశారు. ఇంగ్లండులో మాత్రం ‘పెట్ సౌండ్స్’ రెండో స్థానం దాకా పోయింది. అక్కడ దాన్ని విని ఉలిక్కిపడ్డవాళ్ళలో పాల్ మెకార్ట్‌నీ ఒకడు. ‘సార్జంట్ పెప్పర్’కి ప్రేరణ అదేనని తనే చెప్పుకున్నాడు. బ్రయన్ విల్సన్ 2025 జూన్ 11న పోయినప్పుడు ప్రతి పత్రికా మొదట రాసింది ఆ పదో స్థానం ఆల్బం పేరే. ఒక చెవితో కట్టినాయన ఒకడు, ఒక స్పీకరుతో విన్నాయన ఒకడు!

ఇప్పుడు మన పెట్టెల సంగతి? అరచేతిలో ఫోను, దానికి అగ్గిపెట్టె మూలంత స్పీకరు. బస్సులో, వంటింట్లో, ఆఫీసు మెట్ల మీద వింటాం. కింది స్థాయి ధ్వనులు, ఆ గుండెలో దరువు వేసే మోత, దాంట్లోంచి రానే రావు. 1967లో గోల్డ్‌స్టీన్‌కి ఒక స్పీకరే చెడింది, ఇప్పుడు చాలామందికి ఒకటిన్నర చెడినట్టు లెక్క. సమీక్షకులకి నాదొక విన్నపం. సమీక్ష నెత్తిన ఎన్నిసార్లు విన్నారో, దేంతో విన్నారో, ఏ వేళప్పుడు విన్నారో ఒక్క వరస రాయండి చాలు. తక్కిందంతా తరవాత ఏం రాసినా చదువుకుంటాం. మందు సీసా మీద తారీకు వేస్తారే, అలాగ.

వేసవి కనక ఆవకాయ గుర్తుకు రాక మానదు. కలిపిన రోజు రుచి చూస్తే ఉప్పు ఉప్పుగానే, కారం కారంగానే, ఆవ ఘాటు ముక్కుకే తగులుతుంది. ముక్కకీ పిండికీ ఇంకా పరిచయం కాలేదు. మూడో రోజు తిరగకలిపే వేళకి ఊట వస్తుంది. ఆ బేసిన్లో వేడన్నం కలిపి తింటే స్వర్గం. నెల తరవాత రుచి వేరు, మాఘమాసం నాటి రుచి ఇంకా వేరు. అలాగని అన్నీ ఆవకాయలు కావు. పెళ్ళిళ్ళలో అప్పటికప్పుడు సన్నగా తరిగి కలిపే మామిడికాయ ముక్కల పచ్చడి వుంది చూశారూ, దాన్ని ఆ పూటే తినాలి. మర్నాటికి దాంట్లో ఏమీ మిగలదు. మొదటి పూట తిని పచ్చడి బావుందన్నవాడు తప్పు చెప్పినట్టు కాదు. ఆవకాయని మొదటి పూట తిని, ఉప్పెక్కువని జాడీ వీధిలో పారబోసినవాడితోనే నా పేచీ.

2024 వేసవిలో వచ్చినవాటిని ఈ కొలత మీద చూద్దాం. రెండు వేసవులు దాటాయి కనక ఊరవలసినవి ఊరాయి.

సబ్రీనా కార్పెంటర్ ‘షార్ట్ అండ్ స్వీట్’ ముక్కల పచ్చడి. దీన్ని తక్కువ చెయ్యడం లేదు, పచ్చడి కలపడం కూడా విద్యే. ‘ఎస్‌ప్రెస్సో’ పాట ఏప్రిల్లోనే వచ్చింది, ‘ప్లీజ్ ప్లీజ్ ప్లీజ్’ జూన్లో వచ్చింది. ఆగస్టు 23న ఆల్బం వచ్చేసరికి లోకమంతా ఆ రెంటినీ వల్లెవేస్తోంది. ముప్ఫయి ఆరు నిమిషాల్లో పన్నెండు పాటలు. చమత్కారం, కొంటెతనం, అక్కడక్కడ ఒక చురక. మొదటి రోజు విన్నవారు ఏం చెప్పారో నేనూ ఇప్పటికీ అదే చెబుతాను. తొలి అభిప్రాయానికి ఇంత అనువైన సరుకు దొరకదు.

బిల్లీ ఐలిష్ ‘హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్’ దీనికి పూర్తిగా ఎదురు. మే 17న వచ్చింది. పది పాటలు, అన్నగారు ఫినియాస్‌తో కలిసి కట్టినవి. ఈ రోజుల్లో ఆల్బం రాకముందే రెండు మూడు పాటలు వదిలి ఊరించడం ఆచారం. ఈవిడ ఒక్కటీ వదల్లేదు. వరసగా, మొత్తంగా వినండి అంది. ఎందుకన్నదో వింటేగాని తెలీదు. ఇందులో పాటలు మధ్యలో దారి మళ్ళుతాయి. ‘లామూర్ ద మా వీ’ మెల్లగా, పాతకాలపు హోటల్లో ఎవరో పియానో దగ్గర నిలబడి పాడుతున్నట్టు మొదలవుతుంది. సగం దాటాక ఎక్కడినించి వచ్చిపడిందో అన్నట్టు జోరు నాట్యంలోకి దూకేస్తుంది. ‘ద గ్రేటెస్ట్’ గుసగుసగా మొదలై, ఇంక ఇంతే కాబోలు అనుకునే వేళకి కట్ట తెంచుకుంటుంది. ప్రతి పాటా మొదలు కాస్త విని తెలుసుకునే మా మేనకోడలి పద్ధతికి ఈ ఆల్బం లొంగే ప్రశ్నే లేదు. గుమ్మం చూసి ఇల్లు కొన్నట్టవుతుంది.

ఆ మొదటి రోజు వీడియోతో ముందుకు తోసిన పాట ‘లంచ్’. అందరూ దాని గురించే మాట్లాడారు, దాని అల్లరీ అలాంటిదే. నాలుగో పాట ‘బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్’ చప్పుడు చెయ్యకుండా కూర్చుంది. వినగా వినగా జనం నాలిక మీదికి ఎక్కింది. జూలైలో దాన్ని విడిగా సింగిల్‌గా పంపించారు. ఆగస్టు 11న పారిస్ ఒలింపిక్స్ ముగింపు వేళ, తరవాతి క్రీడల ఊరైన లాస్ ఏంజెలిస్ తరఫున ఆవిడ సముద్రపుటొడ్డున నిలబడి పాడింది ఆ పాటనే. రహమాన్ పాటల్ని మనవాళ్ళు ‘స్లో పాయిజన్’ అంటారు. క్యాసెట్టు కొన్న నాడు పెదవి విరిచి, పదో రోజు ఆటో స్టాండులో వింటూ ఆగిపోయేవారు. అదే జాతి పాట ఇది. నా మటుకు నాకు ఈ నాలుగింటిలోకీ గట్టిగా నిలబడే ఆల్బం ఇదేననిపిస్తుంది. ఒకటో రెండో పాటలు, ముఖ్యంగా ‘ద డైనర్’, తేలిపోయినా సరే.

ఇంక ముప్ఫయి ఒక్క పాటల ఆవిడ. ఎడిటరు కావాలన్న మాట అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. ఒకే లయ, ఒకే మసక మసక సింథసైజరు పొగ, అందులో ఆవిడ గబగబా చెప్పుకుపోయే మాటలు. పాట పాటకీ మధ్య ఊపిరాడదు. కానీ అంతా ఒకేలా వుందన్న తీర్పులో సగం నేరం పాటలది, సగం నేరం వరసబెట్టి విన్న మనది. ముప్ఫయి ఒక్క ఉత్తరాలు ఒకే సాయంత్రం చదివితే ఎవరి చేతిరాతయినా ఒకేలా కనబడుతుంది. నేను రోజుకి అయిదారు చొప్పున విన్నాను. అలా విన్నప్పుడు ‘సో లాంగ్, లండన్’ మిగిలింది, ‘ద బ్లాక్ డాగ్’ మిగిలింది. లోపల ఏడుపూ పైన గంతులూ వున్న ‘ఐ కెన్ డూ ఇట్ విత్ ఎ బ్రోకెన్ హార్ట్’ బాగా మిగిలింది. తిరనాళ్ళలో వేషం కట్టినవాడి ఇంట్లో చావు జరిగినా ఆట ఆపడానికి వీల్లేదు కదా, అలాంటి పాట అది. పది పన్నెండు పాటల మంచి ఆల్బం ఈ ముప్ఫయి ఒక్కటిలో దాక్కుని వుంది. అయిదు నక్షత్రాలు దానికి ఇవ్వచ్చు, ఎవరైనా దాన్ని ఏరి పెడితే.

ఆ వారం నా మనసుని కలత పెట్టిన విషయం ఇంకోటి వుంది. పేస్ట్ అనే పత్రిక ఈ ఆల్బం మీద కటువైన సమీక్ష వేసింది. కింద రాసినవారి పేరు లేదు. ఎందుకు లేదో వాళ్ళే చెప్పారు. 2019లో ఇదే గాయని ‘లవర్’ ఆల్బం మీద సమీక్ష రాసిన మనిషికి, నచ్చని పాఠకులు దాడి చేస్తామని బెదిరింపులు పంపారట. అందుకని ఈసారి పేరు వెయ్యలేదు. గోల్డ్‌స్టీన్‌కి తిట్ల ఉత్తరాలు వచ్చాయి గాని పేరు దాచుకునే అవసరం రాలేదు. బావుంది బావుండలేదు అనడానికి మనిషి పేరు దాచుకోవలసి వస్తే, ఇంక ఆ పక్కన కనిపించే పొగడ్తలన్నీ మనస్ఫూర్తిగా వచ్చినవేనని ఎలా నమ్మడం? అభిమానులకి ఇది తట్టదు. తిట్టేవాడి నోరు మూయిస్తే మెచ్చేవాడి మాట విలువ కూడా పోతుంది.

పోనీ ఆ ‘లవర్’ సంగతైనా మొదటి వారంలో తేలిందా? కంపెనీ ముందుగా చాటింపు వేసిన పాట ‘మీ!’. దాన్ని చాలామంది వెక్కిరించారు. రెండో పాట ‘క్రూయల్ సమ్మర్’. వేసవి పేరు పెట్టుకుని ఆగస్టు 23న, వేసవి అయిపోవస్తుండగా వచ్చింది. విన్న అభిమానులు దీన్ని సింగిల్‌గా వెయ్యండి మహాప్రభో అని మొత్తుకున్నారు. వెయ్యలేదు. తరవాతి వేసవికి కరోనా వచ్చిపడింది. చివరికి 2023లో ఆవిడ ఊరూరా తిరిగి పాడుతున్నప్పుడు వేలమంది గొంతు కలపడం చూసి జూన్లో సింగిల్‌గా పంపారు. అక్టోబరులో బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానం! నాలుగేళ్ళు. ఇక్కడ తొలి అభిప్రాయం చెప్పిన పిల్లలే గెలిచారు, ఓడింది కంపెనీ చెవి. మా మేనకోడలు ఈ ఒక్క ఉదాహరణా నా మొహాన కొట్టి, "చూశావా మావయ్యా, మేం మొదటి రోజే చెప్పాం" అంటుంది. నిజమే. వాళ్ళు ఆ పాటని చివరిదాకా విన్నారు మరి.

కంపెనీ చెవికి బలయినవాళ్ళు ఇంకా వున్నారు. చాపెల్ రోన్ అనే అమ్మాయి 2020 ఏప్రిల్లో ‘పింక్ పోనీ క్లబ్’ పాట విడుదల చేసింది. అది డబ్బు తేలేదని అదే ఏడు ఆగస్టులో కంపెనీ ఆమెని వదిలేసింది. ఊరికి తిరిగివెళ్ళి చిన్నచిన్న ఉద్యోగాలు చేసుకుంది. 2023 సెప్టెంబరులో ఆల్బం వచ్చినప్పుడు కూడా బిల్‌బోర్డ్ రెండు వందల పట్టికలో చోటు దొరకలేదు. అదే ఆల్బం 2024 వేసవిలో రెండో స్థానానికి ఎక్కింది. 2025 ఫిబ్రవరిలో కొత్త కళాకారిణిగా గ్రామీ బహుమతి అందుకుంటూ, చిన్న కళాకారులకి బతకడానికి చాలినంత జీతం, వైద్యం ఇవ్వండని కంపెనీల వాళ్ళని వేదిక మీంచే అడిగింది. పాట అయిదేళ్ళ క్రితందే. దాంట్లో ఒక్క స్వరం మారలేదు.

‘బ్రాట్’ని చివరికి వుంచాను. చార్లీ ఎక్స్ సి ఎక్స్ ఇంగ్లండు పిల్ల, తల్లి వైపువారు ఉగాండాలో స్థిరపడిన గుజరాతీలు. జూన్ 7న వచ్చిన ఈ ఆల్బంకి అట్ట చూస్తే, ఏదో పురుగుమందు డబ్బా రంగు ఆకుపచ్చ మీద మసకబారిన అక్షరాల్లో ఒక్క మాట. ఫిబ్రవరిలో ఆ బొమ్మ బయటపెట్టినప్పుడే జనం ముక్కు చీదారు, అంటే పాట వినకముందే అభిప్రాయం! ఆ రంగే ఆ వేసవికి జెండా అయి కూర్చుంది. జూలై 21న బైడెన్ పోటీ నించి తప్పుకున్న రోజున కమలా హారిస్ ‘బ్రాట్’ అని చార్లీ ఒక్క వాక్యం రాసేసరికి అది రాజకీయాల్లోకీ ఎక్కింది. నవంబరులో కాలిన్స్ నిఘంటువు వాళ్ళు ‘బ్రాట్’నే ఆ ఏటి మాటగా ఎంచారు. అల్లరి మొండిఘటం అని మనం తిట్టే మాట, తలెగరేసుకుని బతకడానికి పేరయింది.

సమీక్షకులు మొదటి రోజునించీ దీన్ని మెచ్చుకున్నారు, సరిగానే మెచ్చుకున్నారు. జనం మాత్రం దాన్లోంచి తమకి కావలసిన చప్పుడు తీసుకుని తక్కింది పక్కన పెట్టారేమోనని నా అనుమానం. ‘యాపిల్’ పాటకి పిల్లలంతా వరసగా నిలబడి చేతులు తిప్పుతూ ఆడారు. తల్లిదండ్రుల నించి మనకి ఏం సంక్రమిస్తుంది, దాన్నించి పారిపోగలమా అన్నది ఆ పాట గొడవ. స్నేహితురాలి పసిపిల్లని చూసి వచ్చి, నాకూ బిడ్డ కావాలా, వేళ మించిపోతోందా అని తనలో తను గొణుక్కునే పాట ఇంకోటి వుంది. మొదటి పాట ‘360’లోని వరసే చివరి పాట ‘365’లో పిచ్చెక్కినట్టు తిరిగొస్తుంది. మధ్యలో జరిగింది ఒక రాత్రి. ఆ రాత్రిలో గంతులెంతున్నాయో బెంగా అంతే వుంది. ఫోను స్పీకరులో బెంగ వినిపిస్తుంది గాని దరువు వినిపించదు, పార్టీలో దరువు వినిపిస్తుంది గాని బెంగ వినిపించదు. రెండూ కలిపి వినడానికి తలుపేసుకుని మంచి పెట్టె దగ్గర కూర్చోవాలి.

ఇందులో ‘గర్ల్, సో కన్‌ఫ్యూజింగ్’ అని, తోటి గాయని ఒకామె మీద చార్లీకున్న అసూయ, అపనమ్మకం, ఇష్టం అన్నీ కలగలిసిన పాట వుంది. ఆమె న్యూజీలాండు గాయని లార్డ్ అయి వుంటుందని జనం ఊహించారు, కొందరు పక్షాలు కూడా కట్టారు. జూన్ 21న, పట్టుమని పదిహేను రోజులకి, ఆ లార్డ్ వచ్చి అదే పాటలో తన వైపు కథ పాడింది. తనూ అటువైపునించి అంతగానూ కుంగిపోతూ వుండేదట. మొదటి వారం ఆ పాట మీద తీర్పులు రాసినవాళ్ళందరి కాగితాలూ అప్పుడే పాతబడ్డాయి. సినిమాల్లో తగువులాడుకున్న తోడికోడళ్ళు ఆఖరి రీలులో కౌగిలించుకుంటారు గాని, ఇంత తొందరగా, ఇంత నిజంగా, ఒక పాట లోపలే జరగడం నేను వినలేదు.

అక్టోబరు 11న చార్లీ ఆల్బం మొత్తాన్నీ తిరగరాసి మళ్ళీ విడుదల చేసింది, పాట పాటకీ కొత్త తోడుతో. జూన్లో వచ్చిన ‘సో ఐ’ ఆమె స్నేహితురాలు, సంగీతకారిణి సోఫీ మీద శోకగీతం. సోఫీ 2021 జనవరిలో ఏథెన్సులో మేడ మీంచి జారిపడి చనిపోయింది. ఆమె బతికుండగా దగ్గరికి వెళ్ళలేకపోయానే, బెరుకుతో దూరంగా వుండిపోయానే అన్న పశ్చాత్తాపం ఆ పాట నిండా వుంటుంది. అక్టోబరు పాఠంలో ఎ. జి. కుక్ తోడయ్యాడు, నడక చురుకయింది. ఈసారి ఆమె గుర్తుచేసుకున్నవన్నీ సోఫీతో గడిపిన మంచి రోజులు. రెండు పాటలూ వెంట వెంటనే వినండి, జూన్‌ది ముందు.